రెండు రొయాల్‌లు, రెండు పునరుద్ధరణలు

పాత కారును బాగుచేసేవాడికి అసలు పరీక్ష విడిభాగం దొరకని రోజున మొదలవుతుంది. బజార్లో ఉన్న బేరింగు తెచ్చి బిగించడానికి చేతి పనితనం చాలు. ఎక్కడా లేని భాగం కావలసి వచ్చినప్పుడు మాత్రం పనితనంతో పాటు ఒక నిర్ణయం కూడా కావాలి. పగిలినదాన్నే అతికించి వాడాలా? పాతదాని కొలతలు తీసి కొత్తది పోత పోయించాలా? ఆనాటి ఏర్పాటును పక్కనపెట్టి, ఈనాడు నమ్మకంగా పనిచేసేదాన్ని పెట్టాలా? ఏది ఎంచుకున్నా కారు చరిత్రలో మన చెయ్యి పడుతుంది. అందుకే పునరుద్ధరణను చూసి మెరుపు బాగుందని మెచ్చుకుని వెళ్ళిపోకూడదు. అందులోని ఒక్కో నిర్ణయాన్నీ నిలబెట్టి అడగాలి.

అలా అడగడానికి బుగాటి టైప్ 41 రొయాల్‌ను మించిన ఉదాహరణ లేదు. ఎత్తోరె బుగాటి ఫ్రాన్స్‌లోని మోల్‌షైమ్‌లో రాజుల కోసమని తలపెట్టిన కారు ఇది. వరసగా ఎనిమిది సిలిండర్లతో 12.7 లీటర్ల ఇంజన్, దాదాపు 300 హార్స్‌పవర్, రేడియేటర్ మూత మీద తమ్ముడు రెంబ్రాంట్ మలిచిన ఏనుగు బొమ్మ. 25 కార్లు చేయాలనుకుంటే ఆర్థిక మాంద్యం వచ్చిపడింది. బయటివాళ్ళు కొన్నవి మూడే. ఈనాటికి మిగిలినవి ఆరు. మిగిలిపోయిన ఇంజన్లను బుగాటి 1933 నుంచి ఫ్రెంచి రైలుకార్లలో బిగించి పట్టాలెక్కించారు. ఇంత తక్కువగా తయారైన కారుకు విడిభాగాల కొట్టు ఎన్నడూ ఉండదు. ప్రతి మరమ్మతూ కొత్తగా ఆలోచించి చేయవలసిందే.

నేను పోల్చేది రెండింటిని. ఒకటి అమెరికాలో డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉన్న వైన్‌బెర్గర్ కాబ్రియోలే. రెండోది ఫ్రాన్స్‌లోని మ్యులూజ్ కార్ల మ్యూజియంలో ఉన్న ఎస్డర్స్ రోడ్‌స్టర్. మొదటిది తుక్కు కొట్టుదాకా వెళ్ళి బతికి బయటపడ్డ అసలు కారు. రెండోది, మాయమైపోయిన కారు రూపాన్ని బుగాటి విడిభాగాల ఆధారంగా మళ్ళీ కట్టిన కారు.

డియర్‌బోర్న్ కారు సంగతి ముందు చూద్దాం. 1932లో జోసెఫ్ ఫుక్స్ అనే జర్మన్ ప్రసూతి వైద్యుడు దాన్ని కొన్నారు. మ్యూనిక్‌లో లూడ్విగ్ వైన్‌బెర్గర్ నలుపు, పసుపు రంగుల్లో, పైకప్పు మడిచే బాడీ కట్టారు. జర్మనీలో రోజులు మారిపోవడంతో ఫుక్స్ దేశం విడిచి, షాంఘై మీదుగా 1937 ప్రాంతంలో న్యూయార్క్ చేరారు. కారూ ఆయన వెంటే వెళ్ళింది. అక్కడి చలికాలం దాని ప్రాణం మీదికి తెచ్చింది. ఇంజన్‌లో నీళ్ళు తీయకుండా వదిలేస్తే, అవి గడ్డకట్టి ఉబ్బి బ్లాకును పగలగొట్టాయి.

ఆ పగులు ఎంత పెద్ద దెబ్బో తెలియాలంటే ఇంజన్ లోపలికి వెళ్ళాలి. మామూలు ఇంజన్‌లో హెడ్డు విప్పి వాల్వులు అరగదీసి మళ్ళీ బిగిస్తారు. రొయాల్‌లో హెడ్డూ బ్లాకూ కలిపి ఒకటే పోత. వాల్వుల పని పడ్డా సరే, కింద నుంచి క్రాంకు షాఫ్టు దింపాల్సిందే. అంత దిమ్మ పగిలితే, పగిలిన మేరకు తీసి కొత్త ముక్క వేసే వీల్లేదు. పైగా పోత ఇనుము ఉక్కులాగా సాగదు. వెల్డింగు వేడి ఒక్కచోటే తగిలితే పక్కన మరో చీలిక పుడుతుంది. కాబట్టి దిమ్మ మొత్తాన్ని నెమ్మదిగా వేడెక్కించి అతికించి, అంతే నెమ్మదిగా చల్లారనివ్వాలి. లేదంటే చీలిక పొడవునా చిన్న చిన్న మరలు ఒకదాన్నొకటి ఒరుసుకునేలా దింపి, వేడి లేకుండానే కుట్టుకుంటూ పోవాలి. ఇది నెలల తరబడి ఓపిక పట్టే పని, అదీ అలాంటి చెయ్యి దొరికితే. కొత్తలో 43,000 డాలర్లు పలికిన కారు తుక్కు కొట్టుకు చేరడానికి ఆ ఒక్క చీలిక సరిపోయింది.

చార్లెస్ చేన్ అప్పట్లో బ్యూయిక్ చీఫ్ ఇంజనీరు. తరవాత జనరల్ మోటార్స్ మొత్తానికి ఇంజనీరింగ్ వైస్ ప్రెసిడెంటు అయ్యారు. ఆయన 1946లో ఈ కారును 400 డాలర్లకు కొని, ఇంజన్‌ను మళ్ళీ నడిచే స్థితికి తెచ్చారు. అయితే ఉన్నదాన్ని ఉన్నట్టు తేలేదు. బుగాటి పెట్టిన ఒకే ఒక్క కార్బురేటర్ స్థానంలో కొత్త మానిఫోల్డు చేయించి నాలుగు కార్బురేటర్లు బిగించారు. నలుపు, పసుపు పోయి ముత్యపు చిప్ప తెలుపు, ముదురు ఆకుపచ్చ వచ్చాయి. చివరికి ఆయన, భార్య ఎస్తర్ కలిసి ఆ కారును హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి బహుమతిగా ఇచ్చారు. జనరల్ మోటార్స్ పెద్ద, పోటీ కంపెనీ స్థాపకుడి పేరున్న మ్యూజియానికి ఇవ్వడంలోనే ఆయన మనసు తెలుస్తుంది. కారు పదిమంది కళ్ళముందు ఉండాలన్నదే ఆయన కోరిక.

చేన్ చేసిన రెండు మార్పులనూ ఒకే గాటన కట్టకూడదు. కార్బురేటర్ల మార్పు వెనక ఇంజనీరు ఆలోచన ఉంది. అంత పొడవైన ఇంజన్‌కు ఒకే కార్బురేటర్ నుంచి గాలీ పెట్రోలూ పంపితే, చివరి సిలిండర్లకు మిగతావాటితో సమంగా అందించడం కష్టం. నాలుగు పెడితే ఒక్కోటీ రెండు సిలిండర్లను చూసుకుంటుంది. అది కారును రోడ్డు మీద తిప్పాలనుకున్నవాడు చేసే పని. రంగు విషయానికి ఆ సమర్థన లేదు. అది కేవలం అభిరుచి. వైన్‌బెర్గర్ ఎంచిన నలుపు, పసుపుల పొందికలో ముప్పైల నాటి మ్యూనిక్ ఉంది. తెలుపు వేయగానే ఆ ఊరూ ఆ కాలమూ చెరిగిపోయాయి. అవసరం కొద్దీ చేసిన మార్పును గౌరవిస్తాను. ఇష్టం కొద్దీ చేసినదాన్ని లోపంగానే లెక్కిస్తాను.

ఇక మ్యులూజ్ కారు. ఆర్మాన్ ఎస్డర్స్ అనే ఫ్రెంచి బట్టల వ్యాపారి కూడా 1932లోనే ఒక రొయాల్ కొన్నారు. ఎత్తోరె కొడుకు జాన్ బుగాటి దానికి రెండు సీట్ల రోడ్‌స్టర్ బాడీ గీశారు. రాత్రిపూట నడపనని ఎస్డర్స్ చెప్పడంతో హెడ్‌లైట్లే పెట్టలేదు. చక్రం మీద నుంచి వెనకదాకా మడ్‌గార్డు గీత అడ్డు లేకుండా సాగిపోయే ఆ అందం అలా వచ్చింది. అయితే కారు చేతులు మారింది. కొత్త యజమాని కోసం పారిస్‌లోని బాందేర్ బాడీ కంపెనీ అదే చాసీ మీద వేరే బాడీ కట్టింది. ఆ చాసీ బాందేర్ బాడీతోనే ఇప్పటికీ ఉంది. జాన్ గీసిన రోడ్‌స్టర్ ఫోటోలకే పరిమితమైంది. 1985లో పెబుల్ బీచ్‌లో ఆరు రొయాల్‌లనూ ఒక్కచోట చేర్చినప్పుడు ఆ చాసీ వచ్చింది, ఆ రూపం రాలేదు.

ఆ రూపాన్ని మళ్ళీ కట్టాలన్న ఆలోచన ష్లుంఫ్ సోదరులది. హాన్స్, ఫ్రిట్జ్ మ్యులూజ్ ప్రాంతంలో ఉన్ని మిల్లుల యజమానులు. అరవైలలో వాళ్ళు బుగాటీలను గుత్తగా కొన్నారు. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక సేకర్త దగ్గరున్న 30 బుగాటీలను ఒక్క బేరంలో తెచ్చుకున్నారు. అందులో ఒక రొయాల్ ఉంది. సొంత వర్క్‌షాపు పెట్టి, చేయి తిరిగిన పనివాళ్ళను పెట్టుకుని, తలుపులు మూసి పని చేయించారు. ఈలోగా మిల్లులు కుప్పకూలాయి. సోదరులు స్విట్జర్లాండ్ వెళ్ళిపోయారు. 1977లో కార్మికులు లోపలికి చొచ్చుకువెళ్ళి చూస్తే వందల కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. మరుసటి ఏడాది ఫ్రెంచి ప్రభుత్వం ఆ సేకరణకు చారిత్రక సంపదగా రక్షణ కల్పించింది. 1982లో మ్యూజియం తెరుచుకుంది. రెండు ఆకుపచ్చలతో, హెడ్‌లైట్లు లేకుండా, బుగాటి అసలు విడిభాగాల ఆధారంగా కట్టిన ఎస్డర్స్ రోడ్‌స్టర్ నమూనా ఇప్పుడు రెండు అసలు రొయాల్‌ల సరసన అక్కడ ఉంది.

ఇప్పుడు రెండింటినీ ఎదురెదురుగా పెడదాం.

రూపం విషయంలో మ్యులూజ్ కారుదే పైచేయి. మడ్‌గార్డు వంపు ఫోటోలో చూడటం వేరు, చుట్టూ తిరిగి చూడటం వేరు. జాన్ బుగాటి 1939లో కారు పరీక్షిస్తూ ముప్పై ఏళ్ళకే ప్రమాదంలో పోయాడు. అంత చిన్న వయసులో పోయిన కళాకారుడి అపురూపమైన ఊహను నిండు కొలతల్లో నిలబెట్టడం మామూలు సేవ కాదు. దాన్ని నకలని తీసిపారేసేవాళ్ళు ఈ మాట మరిచిపోతున్నారు. డియర్‌బోర్న్ కారు మాత్రం వైన్‌బెర్గర్ ఊహను సగమే చూపిస్తుంది. ఒంటి తీరు ఆయనదే, రంగు ఆయనది కాదు.

విడిభాగాలు చేరిన దారి చూస్తే తూకం మారుతుంది. చేన్ చేతికి వచ్చింది ఎవరికీ అక్కరలేని కారు. కొత్తగా కావలసినదాన్ని ఆయన చేయించుకున్నారు. మరొకరి కారుకు అందవలసిన భాగం ఆయన దగ్గర ఆగిపోలేదు. ష్లుంఫ్‌ల దారి వేరు. కార్లనూ వాటి భాగాలనూ గుత్తగా కొని ఒకే గోడల మధ్య దాచేస్తే, బయట ఒక్క బుగాటి నడుపుకునేవాడికి దొరికేవి ఇంకా తగ్గుతాయి. ఆ కొనుగోళ్ళ వెనక మిల్లు కార్మికుల చెమట ఉంది. వాళ్ళ బతుకులు వీధినపడ్డ చరిత్రను చెప్పకుండా మ్యులూజ్ సేకరణను పొగడటం నాకు సమ్మతం కాదు. ఆ గుత్త కొనుగోళ్ళే లేకపోతే వాటిలో ఎన్నో కార్లు చెల్లాచెదురై ఉండేవన్నదీ నిజమే. రెండు నిజాలనూ కలిపే చెప్పాలి.

అసలుతనం సంగతికి వస్తే, చాలామంది దాన్ని భాగాల లెక్కగా చూస్తారు. ఎన్ని నట్లు పాతవి, ఎన్ని కొత్తవి అని. ఆ లెక్కలో మ్యులూజ్ కారుకు మంచి మార్కులే పడాలి. కానీ ఆ భాగాలు కలిసి ఒక బతుకు బతకలేదు. ఎస్డర్స్ వాటి మీద కూర్చోలేదు. డియర్‌బోర్న్ కారులో నాలుగు కార్బురేటర్లు బుగాటివి కావు, రంగు వైన్‌బెర్గర్‌ది కాదు. అయినా మ్యూనిక్ నుంచి షాంఘై మీదుగా న్యూయార్క్ చలిదాకా వెళ్ళింది ఆ ఇనుమే. పగిలిందీ అదే, మళ్ళీ నడిచిందీ అదే. ఈ తెగని వరస ఏ నమూనాకూ రాదు. రూపం మళ్ళీ కట్టుకోవచ్చు. జరిగిన జీవితాన్ని కట్టలేం. అందుకే ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచమంటే, తప్పులున్నా సరే, చేన్ కాపాడిన కారునే ఎంచుతాను.

ఈ తీర్పుతో మ్యులూజ్ కారుకు విలువ తగ్గదు. నమూనాను నమూనాగానే చెప్పి చూపించినంతకాలం అది చదువు చెబుతుంది. చెప్పకుండా చూపిస్తే మోసం అవుతుంది. పాత కార్ల లోకంలో అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఒక కారు భాగాలను రెండుగా పంచి, ఒకే నంబరు పలకతో రెండు కార్లు నిలబెట్టే వ్యాపారం ఉంది. నమూనా ఇంజన్ మీద పాత అంకెలు చెక్కే చేతులున్నాయి. చేన్ గానీ మ్యులూజ్ మ్యూజియం గానీ ఆ దారి తొక్కలేదు. వాళ్ళ మార్పులు అందరికీ తెలిసిన మార్పులు. తెలిసినవి కాబట్టే ఇక్కడ విమర్శించగలిగాను.

ఈ చర్చ మనకు దూరపుది కాదు. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ గోస్ట్ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం మొదలై, 1911లో ఆయన పోయాక ఉస్మాన్ అలీ ఖాన్ ఏలుబడిలోకి వచ్చిన కారు. వెనక సింహాసనంలాంటి ఎత్తు ఆసనంతో లండన్‌లోని బార్కర్ కంపెనీ కట్టిన బాడీ అది. ఏళ్ళ తరబడి మూలపడి, పునరుద్ధరణ తరవాత జనం ముందుకు వచ్చింది. మన చట్టం కూడా ఇప్పుడు ఇదే ప్రశ్న అడుగుతోంది. 2021లో సవరించిన మోటారు వాహనాల నిబంధనలు 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా గుర్తించి ‘వీఏ’ వరుస నంబరు ఇస్తాయి. కాకపోతే చాసీ, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు జరగకుండా అసలు స్థితిలో ఉండాలి. ఏది మామూలు మరమ్మతు, ఏది పెద్ద మార్పు అని తేల్చాలంటే చేసిన పనికి లిఖిత ఆధారం కావాలి. మన షెడ్లలో కరువైంది అదే. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మీద కూర్చున్న మేస్త్రి అరిగిన పినియన్ చూసి అచ్చు అలాంటిదే చేసి ఇవ్వగలడు. ఆ కొత్త పినియన్ ఎప్పుడు, ఏ లోహంతో చేశారన్నది మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

రాసే అలవాటు మనకు కొత్తేమీ కాదు. శ్రీశైలం జలాశయంలో మునగబోతున్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించి తిరిగి నిలబెట్టింది రాయి రాయికీ లెక్క పెట్టుకునే. కారుకూ అదే పద్ధతి కావాలి. తీసిన భాగాన్ని పారేయకుండా చీటీ కట్టి దాచాలి. కొత్తగా చేసినదాని మీద, కనబడని చోటైనా సరే, చేసిన సంవత్సరం కొట్టాలి. విప్పకముందు, విప్పాక ఫోటోలు తీయాలి. పాత రంగు గీకేముందు ఒక అంగుళం మేర అలాగే వదిలేయాలి. ఏ భాగం ఎక్కడ దొరికిందో, దొరకనప్పుడు ఏం చేశారో ఒక పుస్తకంలో రాసి, కారు అమ్మితే ఆ పుస్తకాన్ని కూడా కొన్నవాడి చేతిలో పెట్టాలి.

చేన్ రంగు మార్చేటప్పుడు ఒక తలుపు లోపలి అంచున నలుపు, పసుపు వదిలి ఉంటే నా ఫిర్యాదులో సగం తీరిపోయేది. కొన్నవాడికి కారును తన ఇష్టప్రకారం మార్చుకునే హక్కు చట్టం ఇస్తుంది. అయితే ఇలాంటి కార్ల వయసు ముందు యజమాని వయసు చిన్నది. మన తరవాత దాన్ని విప్పబోయేవాడు మన నిర్ణయాన్ని సరిదిద్దుకునే వీలు మిగల్చాలి. ఆ వీలు మిగిల్చిన పనినే మంచి పునరుద్ధరణ అంటాను.