వూహూ ద్వీపము: వర్ణనౌచిత్యవిచారము

ద్వీపశబ్దమును వైయాకరణులు ద్విశబ్దముతో నప్శబ్దమును సమసించి సాధింతురు. అష్టాధ్యాయియం దాఱవ యధ్యాయము మూఁడవ పాదములోని 97వ సూత్రము ద్వి, అంతర్ అను శబ్దములకును, ఉపసర్గములకును బరమైన యప్శబ్దముయొక్క యాద్యక్షరమునకు ఈకారమును విధించుచున్నది. ద్వీపము, అంతరీపము, సమీపము, ప్రతీపము అను రూపము లిట్లేర్పడినవి. ఇరువైపుల నీరు గలది ద్వీపమని వ్యుత్పత్తి. నలుదిక్కుల నీరుండఁగా రెండువైపు లని యేల చెప్పవలెనని బాలురు ప్రశ్నింతురు. నీటి కావల మఱియొక యొడ్డు తోఁచినఁగాని యిటు, అటు అను మాటలు పొసఁగవు. ఏ యొడ్డునుండి బయలుదేఱితిమో యది తలఁపున నున్నపుడే యీ నేల ద్వీపమని తోఁచునని వారికి సమాధానము చెప్పవచ్చును. సమీపశబ్దము ద్వీపశబ్దమునకు సోదరి యగుటయు గమనింపఁదగినది. ఈ యర్థమును మనసునం దుంచుకొని యొక నూతనద్వీపవర్ణనమును బరీక్షింపఁబూనితిని.

ఈ ద్వీపము జంబూప్లక్షాది సప్తద్వీపములలోఁ జేరినది కాదు. జపానుదేశపు నింటెండో సంస్థవారు తమ వీడియోగేములకొఱకుఁ గల్పించిన విహారభూమి. వీడియోగేమనఁగాఁ దెరమీఁది బొమ్మను మనమే నడిపించుచు నాడెడి యాట. వీ యను యంత్రమునఁ జేతి కదలికనే గుర్తించు మీటతో నీ యాట సాగును. 2007వ సంవత్సరమున వెలువడిన వీ ఫిట్ అను వ్యాయామక్రీడలోఁ బరుగుతీయువారికి దారిగా నీ దీవి మొదట నేర్పడినది. 2009లో వచ్చిన వీ స్పోర్ట్స్ రిసార్ట్ అను క్రీడతో దానికి వూహూ యను పేరు ప్రసిద్ధమైనది. అందు 12 విధములైన యాటలు గలవు. ఆడువాఁ డాకాశమునుండి దుమికి దీవిపై దిగుటతోఁ గథ, కథ యనఁదగినచో, ఆరంభమగును. ఈ యొక్క క్రీడయే లోకమున 3 కోట్ల 30 లక్షల ప్రతులకు మించి విక్రయమైనది. తరువాత 2011లోఁ బైలట్‌వింగ్స్ రిసార్ట్, మారియో కార్ట్ 7 అను క్రీడలయందును, 2014లో సూపర్ స్మాష్ బ్రదర్స్ నందును నా దీవియే మరల రంగస్థలమైనది.

ఆటవస్తువును గావ్యలక్షణములతోఁ గొలుచుట యసంగతమని కొంద ఱాక్షేపింతురు. భరతముని నాట్యశాస్త్రము ప్రథమాధ్యాయమునఁ జెప్పిన వృత్తాంతమును వారు స్మరింతురుగాక. ఇంద్రాదులు బ్రహ్మ నడిగినది యేమి? చూడఁదగినదియు వినఁదగినదియునగు నొక క్రీడావస్తువు. ఆ కోరికనుండియే నాట్యవేదము జనించెను. కాఁబట్టి దృశ్యమై శ్రవ్యమైన క్రీడ మన శాస్త్రమునకు బహిర్భూతము గాదు. అది రసపర్యవసాయి యగునా, కాదా యనుటయే విచార్యము.

ముందుగా గుణమును జెప్పుట న్యాయము. ఈ దీవిని గల్పించినవారిలోఁ బ్రధానుఁడగు షిగెరు మియామొతో దీని నొక పాత్రమువలెఁ బెంచి పలు క్రీడలలో వినియోగింపఁదలఁచినట్లు చెప్పియున్నాఁడు. ఇది మనకుఁ గ్రొత్త గాదు. సముద్రపరివేష్టితమగు ద్వారకను జూడుఁడు. నంది తిమ్మన పారిజాతాపహరణమున నది సత్యభామాప్రణయకోపమునకు నెలవైనది. పింగళి సూరన కళాపూర్ణోదయమునఁ గలభాషిణీమణికంధరుల వృత్తాంతమున కదియే యారంభభూమి. ఆ కవియే ప్రభావతీప్రద్యుమ్నమున మరల నచటినుండి నాయకుని నడిపించెను. ఒక కవి వర్ణించిన పురమునకు వేఱొక కవి వచ్చునపుడు చదువరి క్రొత్తవాఁడుగాఁ గాక యెఱిఁగినవాఁడుగా నందుఁ బ్రవేశించును. ప్రసిద్ధి యనఁగా నిదియే. వూహూయందును నిట్టి ప్రసిద్ధి పుట్టినది. విమానమునుండి క్రిందుగాఁ జూచిన మాకా వూహూ యను నగ్నిపర్వతమునే మారియో కార్ట్ 7లో బండి నెక్కి చుట్టివత్తుము. ఒక స్థలమును బలుమార్లు, పలు గతులఁ జూపి పరిచితము చేయుట సామాన్యమైన నేర్పు గాదు. దీవిని విమానములోఁ జుట్టివచ్చు నాటయందు 80 తావులకు గుఱుతు లేర్పఱచి, ఒక్కొక్కదానికిఁ బేరును రెండుమూఁడు మాటల వివరణమును గూర్చినారు. పగలు, సాయంకాలము, రాత్రి యను వేళాభేదమును బాటించినారు. శిక్షితుఁడైన కవి చేయఁదగిన పనియే యిది.

ఇఁక దోషవిచారము. దండి కావ్యాదర్శమునను, కాకతీయ ప్రతాపరుద్రుని యాస్థానమందలి విద్యానాథుఁడు ప్రతాపరుద్రీయమునను మహాకావ్యమునకు విధించిన యష్టాదశవర్ణనములు పండితులకుఁ గంఠస్థములే. వానిని వరుసగా నీ దీవియందు వెదకితిని. నగరము కలదు, వూహూ పట్టణమును గొకోబా యను వసతిగృహమును దానికి స్థానము. అర్ణవము చుట్టును గలదు. శైలము కలదు. ఉద్యానమునకు బదులు వెడ్జ్ ద్వీపమందలి గాల్ఫుపచ్చిక కలదు. సూర్యచంద్రుల ప్రస్తావము వేళాభేదముచేఁ జరితార్థము. సలిలక్రీడ పుష్కలముగాఁ గలదు. ప్రయాణము విమానమునను సైకిలునను గలదు. ఆజి, అనఁగా యుద్ధము, కత్తిసాముగా నున్నది. నాయకాభ్యుదయము గెలుపుల రూపమున సిద్ధించును. ఇవి పది. లేనివి యెనిమిది: ఋతువు, మధుపానము, రతోత్సవము, విప్రలంభము, వివాహము, కుమారోదయము, మంత్రము, దూత్యము.

ఈ యెనిమిదింటిని బరికింపుఁడు. మధుపానరతోత్సవములు బాలుర యాటయందు లేకుండుట యౌచిత్యమే, వానిని విడిచిపెట్టుదము. మిగిలిన యాఱింటిలో ఋతువు కాలముయొక్క నడక. తక్కిన యైదును మఱియొక మనుష్యుఁ డున్నఁగాని సంభవింపవు. ఎడబాటునకుఁ బ్రియజనుఁడు కావలెను. పెండ్లికి రెండవ యిల్లు కావలెను. పుట్టుకకు వంశము, ఆలోచనకు మిత్రుఁడు, దూత్యమునకు దూరమున నున్నవాఁడు కావలెను. వూహూలోఁ బోటీదారులు గలరు, బంధువులు లేరు. కాలము మాఱును, ఏఁడు గడవదు. ఇది యాదృచ్ఛికముగా జాఱిపోయినది గాదు. ఆ దీవి కల్పనయందలి మూలసూత్రమే యిది. చూడఁదగిన దంతయు నుంచి, పోఁగొట్టుకొనఁదగినది లేకుండఁ జేసినారు.

అచటి జనులు మీ యను బొమ్మలు. ఆ పేరు తెలుఁగున షష్ఠ్యర్థమును దోఁపించుట కాకతాళీయమే యైనను మిక్కిలి పొసఁగినది. ఆడువారు తమ మొగమును, ఇంటివారి మొగములను బోలఁ జేసికొన్న రూపములవి. భట్టనాయకుఁడు చెప్పిన సాధారణీకరణమున సహృదయుఁడు తన నామరూపములను మఱచి నాయకుని భావమునందు లీనమగును. ఇచట నామరూపములు మాత్రము దీవి చేరును; హృదయము చేరుట కందు భావమే లేదు. ఉత్సాహము కలదు, విస్మయము కొంత కలదు. అవి స్థాయులై రసత్వము నందుటకుఁ దగిన విభావము కొఱవడినది.

దీనికిఁ బ్రత్యుదాహరణముగా మనుచరిత్రమును దలఁచుకొనుఁడు. ప్రవరుఁ డరుణాస్పదపురమున గృహస్థుఁడు. సిద్ధుఁ డిచ్చిన పాదలేపమే వానికి విమానము. ఇప్పటి విహారయాత్రికునివలెనే చూడవలెనను వేడుకతో హిమవంతమునకుఁ బోయెను. పెద్దన యా గిరిని వర్ణించుటయం దే కొఱతయుఁ జేయలేదు. కాని మంచునీటఁ బసరు కరఁగిపోయిన క్షణమున నా సౌందర్యమంతయు నడ్డుగోడగా మాఱినది. ఇంట నగ్నిహోత్రమునకు వేళ మించుచున్నది, తలిదండ్రు లెదురుచూచుచుందురు, వరూధిని త్రోవ చెప్పదు. హిమాలయము మనకు హిమాలయముగాఁ దోఁచుట యప్పటినుండియే. వర్ణనము కథ కంగమగుట యనఁగా నిట్టిది. వూహూలో నొక మీట నొక్కినంతనే యాట ముగియును. మరలివచ్చుట యంత సులభమగుటచేఁ బోవుటకును విలువ లేదు. ఆవలి యొడ్డు లేనిచోట ద్వీపమున్నదా యని వ్యుత్పత్తి మనల నడుగుచున్నది.

విశ్రాంతికొఱకు నిర్మించిన దీవిలో దుఃఖము నేల వెదకవలె నని యింకొక యాక్షేపము రావచ్చును. దుఃఖమును నేను గోరుటలేదు. విశ్రాంతి శ్రమసాపేక్షమని మాత్రము చెప్పుచున్నాను. పనినుండి వచ్చినవానికే తీరపుగాలి చల్లన. ఆ దీవిలో నెవఁడును వల వేయఁడు, ఉప్పు పండింపఁడు, నేఁత నేయఁడు. వసతిగృహ మున్నది గాని దానిని నడుపువారి బ్రదుకు కానరాదు. ఒక్కచోట మాత్రము కవిత్వపు జాడ దొరకినది. దీవియందుఁ బూర్వనిర్మాణముల శిథిలములు గలవు. ఎవరు గట్టిరి, ఎందులకు విడిచిరి యని యాట చెప్పదు. వివరణముల నడుమ నిలిచిన యా మౌనమునందు ధ్వని యున్నది. ఒకప్పు డిందును మనుష్యులు కాపురముండి రను కరుణస్పర్శ యున్నది. నిర్మాత లుద్దేశించినను, ఉద్దేశింపకున్నను, దీవియంతటిలో నాకు మిక్కిలి నచ్చిన స్థల మదియే.

ఈ విచారము చీరాలవంటి తీరపట్టణమున నున్నవారికిఁ గేవలము పుస్తకవిషయము గాదు. మన వాడరేవు, రామాపురము తీరములకు సెలవుదినములలో దూరపట్టణములనుండి జనులు విహారమునకు వచ్చుచున్నారు, రిసార్టులు వెలసినవి. మన బాలురు సెల్‌ఫోనులలో నిట్టి కల్పితదీవులయం దాడుచుఁ దీరమనఁగా నట్లే యుండునని నేర్చుకొనుచున్నారు. వూహూ సముద్రము సర్వదా ప్రసన్నము. మన సముద్ర మట్టిది గాదు. 1244వ సంవత్సరమునఁ గాకతీయ గణపతిదేవుఁడు మన తీరమందలి మోటుపల్లిలో నభయశాసనము వేయించెను. తుపానుచేఁ జెదరి యొడ్డునఁ బడిన యోడల సరకును రాజులు హరించు పూర్వాచారమును మాన్పి, నియతమగు సుంకము మాత్రమే కొనుట కొడంబడి, సముద్రవర్తకులకు నభయ మిచ్చెను. కడలి భయంకర మగుటచేతనే యభయమను మాట పుట్టినది. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీని దివిసీమపై నుప్పెన విఱుచుకొనిపడి 10,000కు మించి ప్రాణములను గొన్నది. ఆ మాట నెఱిఁగిన ముదుసలి కెరటమును జూచు చూపు వేఱు. ఆ చూపునుండి వచ్చు నర్ణవవర్ణనము వేఱు. క్షేమేంద్రుఁడు తన యౌచిత్యవిచారచర్చయందు దేశౌచిత్యమును బ్రత్యేకముగా నెన్నుట కిట్టి కారణములు గలవు.

పేరులను బట్టియు నీ భేదము తెలియును. ఒంటెరాయి, చక్కెర యిసుక, గోరురాయి యను నర్థమిచ్చు పేరులు వూహూలో వినఁబడును. ఇవన్నియు వచ్చి చూచిపోవువాని కంటి కెట్లు తోఁచెనో యట్లు పెట్టిన పేరులు. మన తీరమున వాడరేవనఁగా నోడరేవే. వాడశబ్ద మోడకు రూపాంతరము. వేటపాలెమున వేట యున్నది. చీరాల యనఁగనే చీర తలఁపునకు వచ్చును. ఇవి యచట బ్రదుకువారు పెట్టుకొన్న పేరులు. మొదటివి రూపనిబంధనములు, రెండవవి క్రియానిబంధనములు. ధాతువునుండియే శబ్దములు పుట్టినవని శాకటాయనమతము ననుసరించువారికి నీ రెండవ మార్గ మెందులకు బలవత్తరమో వేఱుగాఁ జెప్పఁబనిలేదు.

కాఁబట్టి సిద్ధాంత మిది. వూహూ ద్వీపము వర్ణనయందు నిపుణము, స్థలైక్యమునందుఁ బ్రశంసనీయము, వేళాభేదమునందు సూక్ష్మము; కాని వర్ణ్యమునకు మనుష్యసంబంధము లేకపోవుటచే రసమునకుఁ జాలక వేడుకయందే నిలిచిపోయినది. దానిని నిందించి బాలుర చేతులనుండి లాగివేయుట పండితకృత్యము గాదు. దానియందలి గుణమును గ్రహించి మన పాఠమునకుఁ దెచ్చుకొనుటయే మేలు. ఆ దీవికి 80 తావుల పేరులు గూర్చినట్లు మన విద్యార్థులచే వాడరేవునుండి మోటుపల్లివఱకుఁ గల తావులను వ్రాయింపవచ్చును. ప్రతి తావునకును బేరు, ఆ పేరునకు వ్యుత్పత్తి, అచట జరుగు పని, అచట జరిగిన నష్టము, ఈ నాలుగును జేర్పవలెను. వలలకును దెప్పలకును గాలులకును జాలరులు వాడు మాటలను వారినే యడిగి వ్రాసికొనవలెను. 1918లో స్థాపితమైన వేటపాలెపు సారస్వతనికేతనమున శాసనగ్రంథములను జూచి సరిపోల్చుకొనవలెను. ఇట్లు చేసినచో మన బాలుఁడు కల్పితదీవికిఁ బోవునపుడు తన యొడ్డును వెంటఁ గొనిపోవును. అచట లేని దేదియో వానికే తెలియును. ఆ తెలివియే సాహిత్యవిమర్శకుఁ బ్రథమసోపానము.