ఆఖరి పంటు ఎన్నింటికి?

వరద తీసి, గోదావరి ఎరుపు దిగి, పాపికొండల పడవలు మళ్లీ కదిలే రోజులివి. వాటితోపాటే ప్రకటనలూ మొదలయ్యాయి. ఈ వారం ఫోన్లలో తిరిగిన అలాంటి ఒక ప్రకటనే ఈ కాలమ్‌కు కారణం. పొద్దున్న టిఫిను, దారిలో పాటలు, డాన్సులు, పడవలోనే మధ్యాహ్నం భోజనం, సాయంత్రం టీ, పకోడీ... అన్నిటికీ వివరంగా చోటిచ్చారు. ఒడ్డు మీద కాలు పెట్టే సంగతికి మాత్రం ఒక్క వాక్యం: పేరంటపల్లిలో దిగి గుడి చూసి రావడం. దాని కిందే హెచ్చరిక, చెప్పిన వేళకు పడవ ఎక్కాలని. రోజంతా కొండల మధ్య, ఊళ్ల పక్కనుంచి సాగే ప్రయాణంలో నేలకు దక్కింది అరగంటో ముప్పావుగంటో. నా పాత పట్టు ఈ కాలమ్ చదివేవారికి కొత్తేమీ కాదు. ఊరికి వీధిగుమ్మం రేవు, బస్టాండు పెరటిగుమ్మం అని ఇక్కడ చాలాసార్లే రాశాను. గుమ్మం దాకా తీసుకొచ్చి, గడప దాటగానే వెనక్కి పిలిచే ప్రయాణాన్ని ప్రయాణం అనవచ్చా అన్నది ఈ వారం నన్ను పట్టుకున్న ప్రశ్న.

ఇదే ప్రశ్న మనకంటే చాలా పెద్ద ఎత్తున నలుగుతున్న చోటు ఒకటుంది. అమెరికాలో ఉన్న పిల్లలు అమ్మానాన్నలను ఎక్కించే క్రూయిజ్ ఓడలు తిరిగే కరీబియన్ దీవులు. వేలమందితో ఓడ పొద్దున్నే ఒక దీవికి చేరుతుంది, సాయంత్రానికి కదిలిపోతుంది. దిగినవాళ్లకు రెండు దారులు. ఓడవాళ్లే అమ్మే టూరు టికెట్ కొనుక్కోవడం ఒకటి, సొంతంగా తిరిగి రావడం రెండోది. ఓడవాళ్ల టూరులో వెళ్లి ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా వాళ్లే తర్వాతి రేవుకు చేరుస్తారు. సొంతంగా వెళ్లి ఆలస్యమైతే ఓడ ఆగదు. తర్వాతి దీవికి సొంత ఖర్చుతో వెళ్లి పట్టుకోవాల్సిందే. ఈ ఒక్క నిబంధన కలిగించే భయంతోనే చాలామంది ఓడ టూరు కొంటారు. కొన్నిచోట్ల దిగే నేల కూడా ఓడ కంపెనీ చేతిలోనే ఉంటుంది. హైతీ ఉత్తర తీరంలోని లబాడీని రాయల్ కరీబియన్ కంపెనీ 1986 నుంచి కౌలుకు తీసుకుంది. చుట్టూ కంచె, గేటు దగ్గర కాపలా. ఓడలు అక్కడ ఆగిన రోజుల్లో దిగినవాడు హైతీ నేల మీద నిలబడి కూడా హైతీలో ఒక్క ఊరు చూడలేకపోయేవాడు. అదే బార్బడోస్‌లో చూడండి. ఓడరేవు నుంచి బ్రిడ్జ్‌టౌన్ దాకా నడిచి వెళ్లిపోవచ్చు, అక్కడ ఊరివాళ్లెక్కే వ్యానే ఎక్కి తీరం వెంట తిరిగి రావచ్చు. ఆ వ్యాను చార్జీ ఊళ్లోనే మిగులుతుంది. పక్క సీట్లో కూర్చున్నది బడినుంచి వస్తున్న పిల్లో, చేపలమ్మి తిరిగొస్తున్న మనిషో అవుతారు. ఇంతవరకు చూస్తే సొంతంగా దిగి తిరగడమే మేలని, కట్టగట్టి తిప్పడం చేటని తీర్పు చెప్పేయవచ్చు.

ఈ తీర్పుకు బలమైన సాక్ష్యం మన డెల్టాలోనే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాటన్ తవ్వించిన కాలువలు పొలాలకు నీరివ్వడంతో ఆగలేదు. రోడ్లు లేని రోజుల్లో అవే రోడ్లు. ఇటు ధవళేశ్వరం నుంచి కాకినాడ దాకా, అటు విజ్జేశ్వరం నుంచి నిడదవోలు మీదుగా ఏలూరు, బెజవాడ దాకా, అక్కడినుంచి బకింగ్‌హామ్ కాలువలో మద్రాసు దాకా పడవలు నడిచాయి. కాలువ ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దిగే ప్రతిచోటా లాకులు. కింద నుంచి వచ్చిన పడవ లాకులోకి చేరగానే వెనక తలుపులు మూసేవారు. ఎగువ తలుపుల్లోని చిన్న తూములు ఎత్తితే పైకాలువ నీరు నురగలు కక్కుతూ లోపలికి దూకేది. పడవ అంగుళం అంగుళం పైకి లేచేది. లోపలి నీరు, బయటి నీరు సమం అయ్యేదాకా ఎగువ తలుపులను పదిమంది కలిసి తోసినా కదలవు. సమం అయ్యాక ఇద్దరు చాలు. వెనక వరసలో మరో నాలుగు పడవలుంటే వంతు వచ్చేసరికి పూట గడిచేది. ఆ వ్యవధిలో జనం దిగేవారు. వంటచెరకు ఏరుకుని అన్నం వండుకునేవారు, ఊళ్లోకి వెళ్లి మజ్జిగ అడిగేవారు, చుట్టాలుంటే చూసి వచ్చేవారు. అక్కడ ఆగే సమయాన్ని ఏ కంపెనీ రాయలేదు, నీరు నిర్ణయించింది.

ఆ కాలంలో రేవులో దిగినవాడికి టూరు లేదు, గైడు లేడు. మరి అన్నం ఎక్కడ? పడక ఎక్కడ? లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారి ఇల్లు దానికి జవాబు. 1909లో కన్నుమూసేదాకా ఆమె వేళ చూడకుండా, కులం అడగకుండా వచ్చినవాళ్లకు వండి పెట్టారు. కోనసీమ అంటే గోదావరి పాయల మధ్య నేల. ఎటు వెళ్లాలన్నా ఒక రేవు దాటాలి, దాటేసరికి ఆకలి వేస్తుంది. గన్నవరం దగ్గర వైనతేయ మీద కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరు పెట్టడంలో ఎంతో ఔచిత్యం ఉంది. నీటిని ఒడ్డు దాటించే కట్టడానికి, నీరు దాటి వచ్చినవాళ్లకు అన్నం పెట్టిన మనిషి పేరు. సీతమ్మగారిలాంటివారు కొందరే అయినా సత్రాలు, పూటకూళ్ల ఇళ్లు, అరుగులు ఊరూరా ఉండేవి. నేను ఈ సంగతి ఎత్తుకున్నది పాతకాలపు స్వేచ్ఛను పొగడడానికి. రాస్తూ పోతుంటే వేరే విషయం తేలింది. ఆ ప్రయాణికుడు స్వతంత్రుడని మనం అనుకుంటున్నాం గానీ అడుగడుగునా అతను ఎవరో ఒకరికి అతిథి. పడవవాడి మీద ఆధారపడకపోతే ఒడ్డువాళ్ల మీద ఆధారపడ్డాడు. ఒడ్డువాళ్లు రమ్మన్నారు కాబట్టే తిరిగాడు. రమ్మనే మనిషి లేనిచోట ఆ తిరుగుడు సాగేది కాదు.

ఈ వెలుగులో పేరంటపల్లిని మళ్లీ చూడాలి. పోలవరం కాఫర్ డ్యామ్ కట్టాక పట్టిసీమ, పోలవరం రేవుల నుంచి పడవలు పైకి వెళ్లే దారి మూసుకుపోయింది. ఇప్పుడవి గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి బయల్దేరుతున్నాయి. దారికి రెండువైపులా 2008లో ప్రకటించిన పాపికొండ జాతీయ పార్కు అడవి. పేరంటపల్లిలో బాలానందస్వామి నెలకొల్పిన రామకృష్ణ మునివాటం, శివాలయం, పక్కనే కొండ మీదనుంచి దిగే సెలయేరు. మెట్ల పక్కన కొండరెడ్లు వెదురు పూలు అమ్ముతారు. వెదురు బద్దను కత్తితో పైనుంచి కిందకు పలచగా చీరుకుంటూ వస్తే, తెగిపోకుండా మొదట్లో నిలిచిన చివుళ్లు వంకీలు తిరిగి పువ్వవుతాయి. ఇక గుడి వెనక ఉన్నదేమిటి? కొండరెడ్ల ఇళ్లు, వాళ్ల పోడు, వాళ్ల అడవి. పోలవరం ముంపు జాబితాలో ఉన్న ఊళ్లు. ఏ ఏటి వరదకు ఏ ఇల్లు వదలాలో తెలియక బతుకుతున్న జనం. అలాంటి ఊరి సందుల్లోకి పడవ పడవంతా దిగి, ఫోన్లు పట్టుకుని, పొయ్యి దగ్గర కూర్చున్న ఆడమనిషిని ఫొటో తీసుకుంటూ రెండు గంటలు తిరిగితే దాన్ని ఊరు చూడడం అనగలమా? ఎవరూ రమ్మనని ఇంట్లోకి వెళ్లడం అది. ప్రకటనలోని ఆ అరగంట మీద ఫిర్యాదుతో కాలమ్ మొదలుపెట్టాను. ఇప్పుడు ఆ అరగంటే సబబని రాయక తప్పడం లేదు.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. ఎక్కువసేపు ఆగితే కొండరెడ్ల వెదురు సరుకు ఎక్కువ అమ్ముడవుతుంది కదా అన్నది మొదటిది. నిజమే, అమ్మకం పెరగాలి. దానికి జనం ఇళ్ల మధ్య తిరగనక్కర్లేదు. పడవల్లో వడ్డించే తేనె, చింతపండు, కూరగాయలు ఆ ఊళ్లలో కొంటే, రేవులో అమ్ముకునే చోటు వాళ్లదే అని తేల్చి చెబితే చాలు. ఎంతసేపు, ఎంతమంది, ఎక్కడిదాకా అన్నది వాళ్లే చెప్పాలి. కరీబియన్‌లోనే దీనికి ఒక దారి కనిపిస్తుంది. గ్రాండ్ కేమన్ దీవిలో పెద్ద ఓడలు ఒడ్డుకు చేరే జెట్టీ లేదు. సముద్రంలో లంగరు వేసి చిన్న పడవల్లో జనాన్ని దింపుతారు. జెట్టీ కట్టి మరింతమందిని నేరుగా దింపాలా వద్దా అని 2025 ఏప్రిల్‌లో ఓటు పెడితే ఆ దీవి జనం వద్దన్నారు. వచ్చేవాళ్ల ఇష్టాన్ని ఓడ తీర్చవచ్చు, ఆ రావడానికి హద్దు గీయాల్సింది మాత్రం ఒడ్డే.

రెండోది భద్రత. తిరుగుడు పెరిగితే ప్రమాదం పెరుగుతుందని అంటారు. ఇక్కడ లెక్క నిజాయితీగా చూడాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ పడవ మునిగినప్పుడు అందులో 77 మంది. బయటపడింది 26 మంది. గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద పోతుండగా ఆ సుడుల్లోకి పడవ వెళ్లింది. అంతకుముందు ఏడాది మే నెలలో మంటూరు దగ్గర గాలివానకు మునిగింది మన్యం జనం రోజూ ఎక్కే లాంచీ. ఈ రెండింటిలో ఎవరూ ఒడ్డున దిగి తిరగబోయి పోలేదు, పడవలోనే పోయారు. కాబట్టి కట్టడి ఉండాల్సింది పడవ మీద: వరదమట్టం, ఎక్కించే జనం, ఒంటి మీద లైఫ్ జాకెట్టు, చీకటి పడకముందే తిరిగి చేరడం. తిరుగు ప్రయాణం పొద్దుండగా పూర్తి కావాలన్న నియమం చాలు, ఒడ్డున గడియారం బిగించడానికి అదే సరైన కారణం. ఇంకో సంగతి కూడా మరచిపోరాదు. కచ్చులూరులో ఆ 26 మందిని నాటుపడవలేసుకుని వెళ్లి ఒడ్డుకు చేర్చింది తూటుగుంట గిరిజనులు. ప్యాకేజీలో పేరు కూడా లేని ఊరు అది. మనం ఏ ఒడ్డుకు అతిథులమో ఆ రోజు తెలిసింది.

అయితే రేవులో దిగి ఊరు చూసే ఆనందాన్ని వదులుకోవాలా? అక్కర్లేదు. దాన్ని వెతకాల్సిన చోటు వేరు. ఊరివాళ్లే రోజూ దాటే రేవులకు వెళ్లాలి. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి, కోటిపల్లి నుంచి ముక్తేశ్వరానికి ఇంకా పంటు నడుస్తోంది. పంటు అంటే రెండు నావలు జతచేసి పైన బల్లలు పరిచిన తేలే వేదిక. దాని మీద మోటారు సైకిళ్లు, ఆటోలు, అరటిగెలలు, కొబ్బరి బస్తాలు, పెళ్లిచూపులకు వెళ్లే కుటుంబం, అందరూ ఒక్కచోటే నిలబడతారు. అక్కడ కొత్తమనిషి వింతకాదు, మరో చార్జీ, అంతే. నరసాపురం వైపు పంటు ఎక్కే రేవు మాధవాయిపాలెం. పదిహేడో శతాబ్దంలో ఈస్టిండియా కంపెనీ గిడ్డంగి పెట్టి బట్ట కొన్న ఊరు అది. ఆ ఊరి పేరుమీదే ప్రపంచమంతా ఒక రకం నూలుబట్టను మడపొల్లం అంది. దిగి నాలుగడుగులు వేస్తే ఇళ్లలో కుట్టే లేసు కనిపిస్తుంది. 1844లో మిషనరీ దంపతులు నేర్పారని చెప్పే ఆ క్రోషే పనికి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అవతలి ఒడ్డున దిగితే అంతర్వేదికి బస్సో ఆటోనో దొరుకుతుంది, వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు దాకా వెళ్లవచ్చు. కోటిపల్లిలో దిగినవాడికి ద్రాక్షారామం దగ్గర, ముక్తేశ్వరంలో దిగినవాడికి అయినవిల్లి వినాయకుడు దగ్గర. చించినాడ వంతెన మీదుగా కారులో చుట్టు తిరిగిపోయేవాడికి ఇవేవీ వరసలో రావు.

ఈ తిరుగుడుకూ గడియారం ఉంది, కాకపోతే అది ఒడ్డువాళ్లది. సముద్రం పాటు మీద ఉన్నప్పుడు వశిష్ఠలో నీరు తగ్గి పంటు ఇసుకమేటకు తగులుకుంటుంది, పోటు కోసం ఆగాలి. వరద వస్తే పంటు కట్టేస్తారు. సరంగు ఇక చాలన్నాక ఇంకొకరు ఎక్కకూడదు. వీటిలో ఏదీ ప్రయాణికుడిని భయపెట్టి టికెట్ అమ్మడానికి పెట్టిన నిబంధన కాదు. అవతలి ఒడ్డున ఇల్లున్నవాడు కూడా వీటికే లోబడి బతుకుతున్నాడు. పదిమందీ లోబడ్డ గడియారానికి మనమూ లోబడి, పదిమందీ నడిచే దారిలోనే నడవడం, ఒకచోట మెట్ల దగ్గరే ఆగిపోవాలని తెలుసుకోవడం, ఇంకోచోట రమ్మన్నంత లోపలికి వెళ్లడం... ఊరు చూడడమంటే నాకు ఇప్పుడు ఇదే. రేవులో దిగగానే అడగాల్సిన మొదటి మాట ఊళ్లో చూడదగ్గవేమిటని కాదు. చార్జీ చేతిలో పెట్టి, "ఆఖరి పంటు ఎన్నింటికండీ?" అని అడగండి. జవాబు చెప్పే మనిషి, ఈ రాత్రికి మీరు ఒడ్డున చిక్కుకుపోకూడదని కోరుకునే మొదటి ఊరివాడు. అక్కడినుంచి తిరగడం మొదలుపెట్టవచ్చు.