ఆకాశంలో దొరికిన ఆర్యభట్ట

బెంజ్ సర్కిల్ దగ్గర ఆటో దిగి నాస్తిక కేంద్రం ఎక్కడని అడిగితే ఇప్పటికీ ఎవరో ఒకరు చెయ్యి చూపిస్తారు. గోరా 1940లో ముదునూరులో మొదలుపెట్టి, 1947లో పటమటకి మార్చిన కేంద్రం అది. ఆయన నాస్తికుడని అందరికీ తెలుసు. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పిన లెక్చరర్ అని తక్కువమందికి గుర్తు. భార్య సరస్వతి గోరా గర్భంతో ఉండగా సూర్యగ్రహణం వేళ బయటికొచ్చి నిలబడిన సంగతి ఇప్పుడు కథలా చెప్పుకుంటాం. అయితే నాకు ఆ ఇంట్లో అన్నిటికన్నా ఇష్టమైనవి పిల్లల పేర్లు. ఉప్పు సత్యాగ్రహం నాటి కొడుకు లవణం. రెండో ప్రపంచయుద్ధం నాటి కొడుకు సమరం. లోకంలో జరిగిన వార్త ఇంట్లో పేరైపోయింది.

ఇది వాళ్ల ఒక్కరి అలవాటు కాదు. పేరు పెట్టుకోవడం వార్తని మచ్చిక చేసుకునే పద్ధతి. 1979 జులై 11న నాసావాళ్ల స్కైలాబ్ కూలిపోతుందని తెలిసినప్పుడు మన ఊళ్లు హడలిపోయాయి. ఎలాగూ పోతాం కదా అని కోళ్లు, మేకలు కోసుకు తిన్నారని పెద్దవాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెప్తారు. ఆ ముక్కలు హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడ్డాయి. మనకి మిగిలింది స్కైలాబ్ అని పేరు పెట్టుకున్న మనుషులు. 2021లో విశ్వక్ ఖండేరావు తీసిన ‘స్కైలాబ్’ సినిమా బండలింగంపల్లి అనే ఊళ్లో ఆ భయాన్ని చూపిస్తుంది. ఊరివాళ్లని వెక్కిరించకపోవడం దాని పెద్ద గుణం. నిత్యా మేనన్ పాత్రకి పత్రికలో తన పేరు పడాలన్న తపన. సత్యదేవ్ చేసిన డాక్టర్‌కి డబ్బు గొడవ. చావు వార్త వచ్చినా ఎవరి లెక్కలు వాళ్లవే. బావుంది. అయితే ఆ పైనున్న వస్తువు ఏమిటి, ఎందుకు ఎగిరింది, ఎందుకు పడుతోంది అన్న కుతూహలం సినిమాకీ పెద్దగా లేదు. ఊరికి అది పిడుగు, దర్శకుడికి అది సాకు. సైన్స్ వార్త మన సాహిత్యంలోకి వచ్చినప్పుడల్లా ఇలా నేపథ్యంలోనే ఎందుకు నిలబడిపోతుందా అనిపిస్తుంది.

భయం సంగతి అది. గర్వం సంగతి ఇంకా ఆసక్తికరం. 2005 ఏప్రిల్ 20న హైదరాబాద్‌లోని టాటా ఇన్‌స్టిట్యూట్ బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో ఒక భారీ బెలూన్‌ని ఎగరేసింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి పట్టుకొచ్చి, సీసీఎంబీలోనూ పుణేలోనూ పరీక్షించారు. 12 బ్యాక్టీరియా, 6 ఫంగస్ కాలనీలు మొలిచాయి. వాటిలో మూడు బ్యాక్టీరియా కొత్త జాతులన్నారు. 2009 మార్చిలో ప్రకటన వచ్చింది. ఒకదానికి ఫ్రెడ్ హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఇంకోదానికి ఆర్యభట్ట పేరు. ఆకాశంలో మనవాళ్లు కొత్త ప్రాణిని కనిపెట్టారు, దాని పేరు ఆర్యభట్ట! ఇంతకన్నా మంచి వార్త ఇంకేం కావాలి? ఇవి భూమి బయటి నుంచి వచ్చాయని ఈ పరిశోధన తేల్చలేదని ఇస్రో ఆ ప్రకటనలోనే చెప్పింది. పేరు మాత్రం నిలబడింది, ఆ వాక్యం జారిపోయింది.

తర్వాత ఏమైందో చూడండి. ఆర్యభట్ట బ్యాక్టీరియా మామూలు నేలలో, మొక్కల వేళ్ల దగ్గర కూడా దొరకడం మొదలెట్టింది. మొక్క ఎదుగుదలకి సాయపడుతుందని దాన్ని పొలాల కోసం పరిశీలిస్తున్నారు. 2020లో బాసిల్లస్ గుంపు నుంచి తీసి ప్రీస్టియా అనే కొత్త ప్రజాతిలో చేర్చారు. నిజానికి ఇదే రసవత్తరమైన భాగం. 41 కిలోమీటర్ల ఎత్తుకి మట్టిలోని ప్రాణి ఎలా ఎక్కింది? తుఫానులా, అగ్నిపర్వతాలా? మామూలు గాలులు అంత పైకి మోయలేవు కాబట్టే నార్లికర్, విక్రమసింఘె లాంటివాళ్లు రాక పైనుంచేనని వాదించారు. ఆ వాదన గెలిచిందా లేదా అన్నదానికన్నా, వాదన ఒకటి నడుస్తోందన్న సంగతే మనదాకా రాకపోవడం నన్ను బాధపెడుతుంది. మన దగ్గర సైన్స్ వార్తకి రెండో భాగం ఉండదు.

జీవం పైనుంచి వచ్చిందన్న మాట మనకి ఎందుకంత తేలిగ్గా రుచిస్తుందో నాకు ఒక విజయవాడ పుస్తకం దగ్గర తట్టింది. నండూరి రామమోహనరావు ‘నరావతారం’. చాలాకాలం ఆంధ్రజ్యోతికి సంపాదకుడు, మార్క్ ట్వేన్‌ని తెలుగు పిల్లలకి ఇచ్చినవాడు. విశ్వం గురించి రాసి ‘విశ్వరూపం’ అన్నాడు, మనిషి పుట్టుక గురించి రాసి ‘నరావతారం’ అన్నాడు. పురాణం మాట తెచ్చి డార్విన్‌ని ముందుగదిలో కూర్చోబెట్టాడు. నేను ఆ శీర్షికని చాలాకాలం మర్యాద కోసం పెట్టిందే అనుకున్నాను. ఇప్పుడు అందులో కొంటెతనం కనపడుతోంది. అవతరించడం అంటే దిగిరావడం. పరిణామంలో మనిషి దిగిరాలేదు, బురదలోంచి, చేపలోంచి, కోతి దాయాదుల్లోంచి ఎక్కుతూ పడుతూ వచ్చాడు. పేరు పైనుంచి కిందికి, పుస్తకం కిందినుంచి పైకి. అటు చూస్తే, ఆకాశంలోంచి బ్యాక్టీరియా వచ్చిందన్న ఊహే అసలైన అవతార కథ. అక్షరాలా దిగిరావడమే. మనకి నచ్చకపోతే ఆశ్చర్యం. కానీ ఆ ఊహ జీవం మొదట ఎలా పుట్టిందో చెప్పదు, అడ్రసు మారుస్తుంది అంతే.

మాట అరువు తెస్తే వడ్డీ కూడా కట్టాలి. 2019 జనవరిలో జలంధర్ సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ జి. నాగేశ్వరరావు కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలని, దశావతారాలు డార్విన్ సిద్ధాంతం కన్నా మెరుగని అన్నారు. నండూరి ఏ మాటతో డార్విన్‌ని లోపలికి తెచ్చాడో అదే మాటతో బయటికి పంపడం. నిజానికి పోలిక రెండడుగులు కూడా నడవదు. దశావతారాల్లో మత్స్యం ఒక పని మీద వస్తుంది, అయ్యాక వెళ్లిపోతుంది. పరిణామంలో చేపకి పని లేదు, అది మనకోసం రాలేదు, ఇప్పటికీ కృష్ణలో ఈదుతోంది. 2023లో పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలోంచి పరిణామ పాఠం తీసేశారు. కాబట్టి ఇది శీర్షికల మీద ముచ్చట ఒక్కటే అనుకోలేం.

అలాగని నండూరి తప్పు చేశాడనను. ఆయన మాట అరువు తెచ్చాక వందల పేజీలు వాదించాడు, ఎముకలు చూపించాడు. ఇవాళ మనం అరువు మాట దగ్గరే ఆగిపోతున్నాం. 2025 జనవరిలో బెన్నూ గ్రహశకలం నుంచి తెచ్చిన 121.6 గ్రాముల మట్టిలో, ప్రాణులు వాడే 20 అమైనో ఆమ్లాల్లో 14, డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏల ఐదు అక్షరాలూ ఉన్నాయని చెప్పారు. బియ్యమూ పప్పూ దొరికాయి, పులగం కాదు. పైగా ఆ ఆమ్లాల్లో ఎడమచేతివీ కుడిచేతివీ దాదాపు సమానంగా ఉన్నాయి. భూమ్మీది జీవం ఎడమచేతివే వాడుతుంది. ఎడమవైపు మొగ్గు ఆకాశం నుంచే వచ్చిందేమోనన్న పాత ఊహకి ఇది దెబ్బ. ఇంత మంచి చిక్కుముడి ఉంటే షేర్ అయ్యింది మాత్రం ‘అంతరిక్షంలో జీవం’ అన్న ముక్కే.

చిక్కుముడిని పాఠకుల దగ్గర పెట్టి దశాబ్దాలు నడిపినవాడు ఈ ఊళ్లోనే ఉన్నాడని గుర్తొస్తే నవ్వొస్తుంది. డాక్టర్ సమరం. స్వాతి వారపత్రికలో ఆయన ప్రశ్నలు–జవాబుల శీర్షికని ఇంట్లోవాళ్లకి కనపడకుండా చదివిన తరాలున్నాయి. విమర్శకులెవరూ దాన్ని సాహిత్యం కింద లెక్కెయ్యలేదు. కానీ తెలుగులో సైన్స్ రచనకి దొరికిన నిజమైన ప్రక్రియ అదేనేమో. వైద్యుడి జవాబు కన్నా ముందు అచ్చులో పడేది పాఠకుడి అనుమానం. సిగ్గుపడుతూ అడిగింది, పొరపాటుగా అడిగింది, సగం తెలిసి అడిగింది. స్కైలాబ్ నాడు మన ఊళ్లకి అలాంటి ఒక పేజీ ఉంటే ఎన్ని కోళ్లు బతికేవో.

ఆ పేజీకి ఇవాళ నేనైతే ఇలా రాస్తాను: డాక్టరుగారూ, ఆకాశంలో దొరికిన ఆర్యభట్ట మా పొలంలో కూడా ఉండొచ్చంటున్నారు. ఇంతకీ అది పైనుంచి దిగిందా, కిందినుంచి ఎక్కిందా?