బావి మట్టి లెక్క: ఒక విమర్శనాత్మక పరిశీలన

ఘనాకృతుల పాఠం అనగానే మనకు సూత్రాల పట్టిక గుర్తుకొస్తుంది. కాని తరగతిలో ఎవరు నిలబడతారో, ఎవరు వెనకబడతారో తేలేది సూత్రాల దగ్గర కాదు, మనం ఎంచుకునే లెక్కల దగ్గర. ఎన్‌.సి.ఇ.ఆర్‌.టి. పదో తరగతి గణిత పాఠ్యపుస్తకంలో చాలా ఏళ్లు ఉన్న ఒక లెక్కను చూడండి. 3 మీటర్ల వ్యాసంతో 14 మీటర్ల లోతు బావి తవ్వారు. వచ్చిన మట్టిని బావి చుట్టూ 4 మీటర్ల వెడల్పున సమంగా పరిచి గట్టు కట్టారు. గట్టు ఎత్తు ఎంత? జవాబు 1.125 మీటర్లు. ఇలాంటి లెక్క మీరూ చేసే ఉంటారు.

లెక్క మంచిదే. ఒక ఆకారం మరో ఆకారంగా మారితే ఉపరితల వైశాల్యం మారినా ఘనపరిమాణం మారదని చెప్పడానికి ఊరివాళ్లకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ సులభంగా దొరకదు. అయితే మీ తరగతిలో మట్టిపని చేసే ఇంటినుంచి వచ్చిన విద్యార్థి ఉన్నాడనుకోండి. గట్టినేల తవ్వితే మట్టి గుల్లబారుతుందని అతనికి తెలుసు. తవ్విన గుంతను అదే మట్టితో పూడిస్తే పైన కుప్ప మిగలడం అతను కళ్లారా చూశాడు. కనుక గట్టు 1.125 మీటర్లకంటే ఎత్తు ఉంటుందంటాడు. అతని మాట నిజం. పుస్తకం మాత్రం మట్టి పొంగదని మౌనంగా అనుకుంటోంది. ఆ ఊహను బయటికి చెప్పకపోవడం వల్ల, విషయం తెలిసిన పిల్లవాడే తప్పు చేసినవాడవుతున్నాడు. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే అన్యాయంగా తోచేది ఇదే. "మట్టి గుల్లబారలేదనుకుందాం" అన్న ఒక్క వాక్యం చేరిస్తే సరిపోయేది. ఆపైన, మట్టి నాలుగోవంతు పొంగిందనుకుంటే ఎత్తెంత అని అడగవచ్చు. సుమారు 1.41 మీటర్లు వస్తుంది. తరగతి అంతా అప్పుడు అతనివైపు చూస్తుంది.

గుణకారంలో తడబడే పిల్లల సంగతి సులువే. రెండువైపులా π కొట్టివేయమని చెప్పండి, 31.5ను 28తో భాగించడమే మిగులుతుంది. 22/7 వెయ్యాల్సిన పనే లేదు.

బొమ్మ దగ్గర చిక్కు పెద్దది. గట్టు వెడల్పు 4 మీటర్లు కనుక బయటి వ్యాసార్థం కూడా 4 అనుకునేవారు ఎక్కువ. నిజానికి అది 1.5కు 4 కలిపితే వచ్చే 5.5. చుక్కల గీతల బొమ్మ ఈ పొరపాటును దిద్దలేదు, చూపు లేని విద్యార్థికి అసలు అక్కరకే రాదు. నిటారు అంచులున్న చిన్న స్టీలు డబ్బా నిండా బియ్యం పోయించండి. ఆ బియ్యాన్ని ఒక పళ్లెంలోకి వంచి, ఖాళీ డబ్బాను పెద్ద గిన్నె మధ్యలో పెట్టించి, బియ్యాన్ని దాని చుట్టూ సమంగా సర్దమనండి. వేళ్లతో తడిమితే లోపలి అంచు, బయటి అంచు, తగ్గిన ఎత్తు మూడూ తెలుస్తాయి. చూపున్న పిల్లలకు కూడా ఇదే ముందు చేయించి, బొమ్మ తర్వాత గీయించడం మేలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి: ఒక విద్యార్థి 1.125 అని రాశాడు. మరొకరు "అంతకంటే ఎక్కువ, మట్టి పొంగుతుంది కనుక" అని మాత్రమే రాసి లెక్క చేయలేదు. ఈ లెక్కకు 4 మార్కులు. ఇద్దరికీ మీరు ఎన్నెన్ని వేస్తారు? కారణాలు రాయండి.