ఒక పేరు, రెండు రోగములు

గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరప కల్లాలలో పనిచేయువారికి కళ్లు ఎర్రబడి నీరు కారుట వింత కాదు. కాని మిరప ఘాటు సాధారణముగా రెండు కళ్లకును తగులును. ఒక కంటి చుట్టునే భరింపరాని పోటు, ఆ కంటినుండియే నీరు, ఆ వైపు ముక్కే దిబ్బడ, ఇవి కలిసివచ్చినచో కారణము వేరై యుండవచ్చును. కొన్ని వారములపాటు విడువక వచ్చి, పిదప నెలల తరబడి మాయమగు ఈ నొప్పిని వైద్యులు క్లస్టర్ తలనొప్పి యందురు.

వాడుకలో దీనిని కూడ 'పార్శ్వపు నొప్పి' యనుచున్నారు. ఆ పేరు నొప్పి యున్న వైపును మాత్రమే చెప్పును. మైగ్రేన్ రోగి చీకటిగదిలో కదలక పడుకొనగోరును. క్లస్టర్ రోగి కూర్చుండలేక పచార్లు చేయును. సుశ్రుతసంహిత 'సూర్యావర్త'మను తలనొప్పికి వేళను గుర్తుగా చెప్పినది. ఆ దృష్టి మెచ్చదగినదే. అయితే సూర్యావర్తము పొద్దుతో పెరిగి తగ్గును. క్లస్టర్ నొప్పి తరచు రాత్రి ఒకే వేళకు నిద్ర లేపును. నొప్పి సమయమున మెదడులోని హైపోథాలమస్ చురుకగుటను 1998లో శాస్త్రజ్ఞులు చూపిరి. దేహపు గడియారము ఉండునది అచ్చటనే.

పేరు పొరబడిన చికిత్సయు పొరబడును. ఈ నొప్పి 15 నిమిషములనుండి 3 గంటలవరకు ఉండును. మింగిన మాత్ర పనిచేయులోగా తీరిపోవచ్చును. వైద్యుని పర్యవేక్షణలో నిమిషమునకు 12 లీటర్ల చొప్పున 15 నిమిషములు ప్రాణవాయువు పీల్చుట, సుమాట్రిప్టాన్ సూది ఉపశమనమునకు, వెరపామిల్ నివారణకు. నొప్పులు వచ్చు రోజులలో మద్యము ముట్టరాదు.

ఏ కన్ను? ఏ వేళ? ఎంతసేపు? పడుకొనునా, తిరుగునా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు వ్రాసుకొని వెళ్లినచో వైద్యునికి సగము దారి దొరకును.