అడవి దాటి వచ్చిన పల్లవి

న్యూయార్కు నగరములోని బ్రాంక్సు పేదవాడలలో 1973 ప్రాంతమున పుట్టిన హిప్‌హాప్‌ను గూర్చి మన విమర్శకులు ఈ నడుమ తరచుగా ముచ్చటించుచున్నారు. మంచిదే. 1982లో వెలువడిన 'ది మెసేజ్' అను పాట, అంతవరకు చిందులకే చాలుననుకొన్న దరువుకు రాజకీయవాక్కు నిచ్చినది. కాని అంతకు పదేండ్లు ముందే, 1972లో, హైదరాబాదున జననాట్యమండలి పుట్టినదని వారిలో ఎందరు తలచుచున్నారు?

గొంగడి, కర్ర, కాలిగజ్జెలతో వేదికపై నిలిచిన గద్దర్ పాటను నడుమ ఆపి మాటాడెడివాడు; మాట ముగియకముందే పాట నందుకొనెడివాడు. ఇది పడమటి విద్య కాదు. బుర్రకథలో కథకుడు, హాస్యపు వంత, రాజకీయపు వంత ముగ్గురు చేయు పనిని అతడొక్కడే చేసినాడు. నాజరు బుర్రకథ విన్న తరమునకు ఈ సంగతి విప్పి చెప్పనక్కరలేదు.

1980 తరువాత ఈ పాట దళములతో గోదావరి దాటి బస్తరు చేరినది. కుంట వైపు దోర్లలకు తెలుగు కొత్త కాదు. ఇంకను లోనికి పోగా అది గోండి పాటగా మారవలసివచ్చినది. చేతనా నాట్యమంచ్ ఆ పని చేసినది. ఆ పాటల చుట్టు నెత్తురున్నది, పలువైపులది. దానిని మరచి పాటను మాత్రమే మెచ్చుకొనుట నాకు చేతకాదు. పక్షము పేరే పల్లవియైన చోట పాట పలుచనగుననియు, తునికాకు కట్ట ధరను గూర్చి, జంగలాతు జవాను జులుమును గూర్చి పాడిన చోట చిక్కనగుననియు నా అభిప్రాయము.

మనము బస్తరుకు పాట నిచ్చితిమని చెప్పుకొనుట పరిపాటి. తీసికొన్నదాని మాట ఎవరును ఎత్తరు. మురియాల ఘోటుల్‌ను గూర్చి వెరియర్ ఎల్విన్ 1947లో ప్రకటించిన గ్రంథములో 'రేలో' పాటల ప్రసక్తి కలదు. ఆ 'రేల' నేడు తెలుగు వేదికలపై మారుమ్రోగుచున్నది. టెలివిజను పాటల పోటీకి పేరు కూడ అయినది. వినువారు దానిని అర్థములేని ఊతపదమనుకొందురు. అప్పుపత్రము లేని అప్పు.

2011 జనగణనలో గోండి మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 29.8 లక్షలు. 2003లో బోడో, సంతాలీ భాషలు రాజ్యాంగపు 8వ షెడ్యూలులో చేరినపుడు దానికి చోటు దొరకలేదు. తెలుగుతో ఒకే శాఖకు చెందిన ద్రావిడభాష యిది.

గద్దర్ 2023 ఆగస్టులో కన్నుమూసినాడు. 2025 మే నెలలో మావోయిస్టు పార్టీ ప్రధానకార్యదర్శి నంబాళ్ళ కేశవరావు అబూజ్‌మాడ్‌లో హతుడయ్యెను. ఇక ఆ పాటల గతి యేమి? 1910 నాటి భూంకాల్ తిరుగుబాటును, గుండాధూర్‌ను బస్తరు ఏ పక్షపు అండయు లేకయే పాడుకొన్నది. అయినను ఈ నలుబదియేండ్ల గోండి పాటలను పాడినవారి నోటినుండియే, వారి మాటలలోనే, మంచిచెడ్డలతో సహా వ్రాసికొనవలసి యున్నది. భద్రాచలమునుండి కుంట ఒక పూట ప్రయాణము.