కామ చేతికి కుదరాలి

మా నాన్న నాగర్‌కర్నూల్ అంగడిలో గొడ్డలి కొనేటప్పుడు తలను పెద్దగా పరీక్షించేవాడు కాదు. కమ్మరి దగ్గరున్నవన్నీ పాత లారీ కమాన్‌పట్టీల నుంచి సాగగొట్టినవే. ఆ ఇనుము గట్టిదని అందరికీ తెలుసు. ఆయన చూపంతా కామ మీదే. ఒక కన్ను మూసి కర్ర పొడవునా చూసేవాడు, వంకర ఉందేమోనని. పిడికిట్లో పట్టుకుని వేళ్లు ఎక్కడిదాకా వస్తున్నాయో చూసుకునేవాడు. జనానికి కాస్త ఎడంగా జరిగి గాలిలో రెండు వేట్లు వేసేవాడు. నాలుగైదు పక్కన పెట్టాక ఒకదాన్ని పట్టుకుని "కుదిరింది" అనేవాడు. బేరం ఆ తర్వాతే.

కిందటి నెల గద్వాలలోని మా అక్క కొడుకు ఫోన్ చేసినప్పుడు ఆ అంగడే గుర్తొచ్చింది. వాడికి హైదరాబాద్‌లో ఉద్యోగం. ఏడాదిగా గోల్ఫ్ నేర్చుకుంటున్నాడు. "మామా, డ్రైవర్ కొనాలె. కొత్త మోడల్ అరవై వేలంటున్నరు. అంత పెడ్తెనే బంతి దూరం పోతదా?" అన్నాడు.

డ్రైవర్ అంటే గోల్ఫ్ సంచిలో అన్నిటికన్నా పొడుగ్గా, పెద్ద తలతో ఉండే కర్ర. టీ అనే చిన్న పుల్ల మీద నిలబెట్టిన బంతిని మొదటి దెబ్బలో దూరం పంపడానికి వాడేది. మన పాలమూరు పిల్లలు ఈ ఆటను దగ్గరగా చూసేది ఎక్కువగా హైదరాబాద్ చేరాకే. గోల్కొండ నయా ఖిల్లా గోడల మధ్యనో, గచ్చిబౌలి బండరాళ్ల నడుమనో పచ్చిక చూసి ఆగిపోతారు. ఆశ పుట్టాక ధర భయపెడుతుంది. ఆ భయంలో సగం అక్కర్లేనిదని వాడికి చెప్పాలనిపించింది.

వనపర్తిలో రాజావారి ప్యాలెస్‌లో నడిచే పాలిటెక్నిక్‌లో నేను మెకానికల్ చదివాను. అక్కడ నేర్చుకున్న ప్రత్యావస్థాన గుణకం ఇన్నేళ్ల తర్వాత గోల్ఫ్‌లో పనికొచ్చింది. రెండు వస్తువులు ఢీకొని విడిపోయేటప్పుడు ఎంత వేగం మిగులుతుందో చెప్పే లెక్క అది. డ్రైవర్ ముఖం పల్చటి లోహపు రేకు. బంతి తగలగానే లోపలికి వంగి, తిరిగి బయటికి తన్నుతుంది. రేకు ఎంత పల్చనైతే తన్ను అంత జోరు. దీనికి హద్దు లేకపోతే ఆట పాడవుతుందని స్కాట్లండ్‌లోని ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ అనే నియమాల సంస్థలు ఆ గుణకానికి 0.83 దగ్గర గీత గీశాయి. 2008 నుంచి ఆ గీత ప్రపంచమంతటా అన్ని స్థాయిల ఆటగాళ్లకూ వర్తిస్తోంది. తల పరిమాణం కూడా 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదు.

పేరున్న కంపెనీలన్నీ ఆ గీత అంచుదాకా ఎప్పుడో చేరుకున్నాయి. బంతి నడిముఖానికి తగిలినప్పుడు ఐదారేళ్ల నాటి డ్రైవరైనా నిన్న వచ్చినదైనా ఇచ్చే తన్ను దాదాపు ఒకటే. కొత్తవాటిలో నిజంగా మెరుగైంది పక్కకు తగిలిన దెబ్బను కాపాడే గుణం. అది కూడా ఏటికేడు కొద్దికొద్దిగానే పెరుగుతోంది. అంటే ఇక్కడా ఇనుము అందరిదీ ఒకటే, తేడా అంతా కామలోనే.

ఒకప్పుడు ఈ తల కూడా కర్రదే. 1979లో టేలర్‌మేడ్ కంపెనీ లోహపు తల తెచ్చేదాకా పర్సిమన్ చెట్టు కర్రను చెక్కి డ్రైవర్లు చేసేవారు. ఆ చెట్టు మన నల్లమల తునికి చెట్టుకు దగ్గరి చుట్టం, రెండిటిదీ ఒకే ప్రజాతి. బీడీ ఆకునిచ్చే చెట్టు తోబుట్టువు అమెరికాలో బంతిని కొట్టిందని తెలిసిన రోజు నాకు ఈ ఆట పరాయిదన్న బెరుకు పోయింది.

కుదరని కామ సంగతి నాకు అనుభవమే. నా మొదటి డ్రైవర్ కొత్తది, ఖరీదైనది. ముఖం వాలు 9 డిగ్రీలు, షాఫ్ట్, అంటే దాని కామ, బాగా బిరుసు. అది నా చేతి వేగానికి సరిపోతుందా అని అమ్మిన దుకాణంవాళ్లు అడగలేదు, నాకూ తెలియలేదు. ఏడాదిపాటు బంతి పైకి లేవక, కుడివైపుకు జారిపోతుంటే తప్పు నాదేననుకున్నాను.

మావాడు తెలుగు మూలాలున్న గోల్ఫర్ సాహిత్ తీగల అభిమాని. 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలో సాహిత్ తన మొదటి పీజీఏ టూర్ టైటిల్ గెలిచినప్పుడు మా ఇంట్లోనూ పండగే. అయితే ఆ టూర్‌లో కర్ర తల సగటు వేగం గంటకు 115 మైళ్ల దగ్గర ఉంటుంది. మావాణ్ణి ప్రాక్టీస్ రేంజ్‌కు తీసుకెళ్లి వేగం కొలిచే యంత్రం ముందు నిలబెడితే 84 వచ్చింది. ఈ వేగానికి పదిన్నర నుంచి 12 డిగ్రీల వాలు, మెత్తగా వంగే రెగ్యులర్ షాఫ్ట్ కావాలి.

తర్వాత మార్కర్‌తో ప్రతి బంతి మీదా చుక్క పెట్టి, ఆ చుక్క కర్ర ముఖానికి ఎదురుగా ఉండేలా టీ మీద నిలబెట్టాం. కొట్టిన ప్రతిసారీ ముఖం మీద మరక పడుతుంది. పది బంతుల్లో మూడే నడిమిలో పడ్డాయి, మిగతావి మడమ వైపు, అంటే షాఫ్ట్‌కు దగ్గరగా. అంగుళం కిందికి పట్టుకోమన్నాను. ఈసారి ఆరు నడిమిలో పడ్డాయి. ఆ మరకలను వాడు వేలితో తడిమి చూశాడు. ఏ ప్రకటనా చెప్పని సంగతి అక్కడ నల్లగా కనబడుతోంది.

కొత్తది వద్దు, వాడినది చాలన్నాను. అలా పాతదాన్ని వెతికేటప్పుడు చూడాల్సినవి కొన్నే. ముఖాన్ని వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే సన్నటి పగుళ్లు, సొట్టలు బయటపడతాయి. చెవి దగ్గర ఊపితే లోపల గలగల వినిపించకూడదు. టైటానియం ముఖం అన్నప్పుడు అయస్కాంతం అంటుకుంటే అది నకిలీ. పైన గీతలున్నా, రంగు పోయినా ఆటకు నష్టం లేదు, బేరానికి లాభం. అరిగిన గ్రిప్ మార్చుకోవచ్చు. వాలు, షాఫ్ట్ కుదరకపోతే మాత్రం ఎంత చవకైనా వదిలేయాలి.

మూడు వారాలు వెతికి పదిన్నర డిగ్రీల పాత డ్రైవర్ ఒకటి 14 వేలకు కొన్నాం. షాఫ్ట్ అంగుళం కోయించి, కొత్త గ్రిప్ వేయించాం. మిగిలిన డబ్బుతో కోచ్ దగ్గర పాఠాలు చెప్పించుకోమన్నాను. ఊపు బాగుపడితే ఏ కర్రయినా బాగుపడుతుంది.

మొన్న ఆదివారం టీ దగ్గర దాన్ని చేతిలోకి తీసుకుని, వేళ్లు సర్దుకుని, గాలిలో రెండుసార్లు ఊపాడు. బంతిని ఇంకా కొట్టనేలేదు. నా వైపు తిరిగి, తాతను చూసి ఎరగనివాడు, "మామా, కుదిరింది" అన్నాడు.